పిల్లల సంరక్షణ రంగంలోకి రావాలంటే ఏ కోర్సు చేయాలి, ఎలా సిద్ధపడాలి?

మీరు అడిగింది ఇది: సైకాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. హింసకు, నిర్లక్ష్యానికి గురైన పిల్లల తరఫున పనిచేయాలని ఉంది. దానికి ‘చైల్డ్ అడ్వొకసీ’ అని పేరున్న కోర్సే చేయాలా, సోషల్ వర్క్‌లో పీజీ చేయాలా, లేక లా చదవాలా అన్నది సందేహం. పీజీ అప్లికేషన్‌లో వ్యాసం ఎలా రాయాలని కూడా అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: ‘నాకు పిల్లలంటే ప్రాణం, కానీ చిన్న విషయానికే కళ్ళనీళ్ళు వస్తాయి, ఈ పనికి పనికొస్తానా?’ అని.

సూటిగా చెప్పాలంటే, సోషల్ వర్క్‌లో పీజీ చేయండి, అదీ ఫీల్డ్‌వర్క్‌ను సీరియస్‌గా తీసుకునే చోట. చైల్డ్ అడ్వొకసీ పేపరో, సర్టిఫికెట్టో దొరికితే దానికి తోడుగా చేసుకోండి. కోర్టులో నిలబడి వాదించడమే మీ కోరిక అయితే లా చదవండి. అది కాకపోతే అన్నేళ్ళు పెట్టక్కర్లేదు, చట్టాన్ని చదివి అర్థం చేసుకోవడం వస్తే చాలు. మీ సైకాలజీ ఎటూ పోదు, రోజూ అక్కరకొస్తుంది. కళ్ళనీళ్ళ సంగతి తర్వాత చెబుతాను, అది మీరు అనుకుంటున్నంత పెద్ద అడ్డంకి కాదు.

చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇస్తుంటాను. పిల్లలంటే ఇష్టం అని వచ్చేవాళ్ళు ఎక్కడ నిరాశపడతారో చూస్తూనే ఉన్నాను. ఈ ఉద్యోగంలో ఎక్కువ సమయం గడిచేది పిల్లలతో కాదు, పెద్దవాళ్ళతోనూ కాగితాలతోనూ. తాగి ఉన్న తండ్రి, భయపడి అబద్ధం చెప్పే తల్లి, ‘మాకెందుకండీ’ అనే పక్కింటివాళ్ళు, ఫోన్ ఎత్తని డాక్టరు, వాయిదా మీద వాయిదా పడే కేసు. వీళ్ళందరి మధ్య తిరిగి, తెలిసింది రాసిపెట్టి, దాన్ని చదివిన అధికారినో జడ్జినో ఒప్పించగలిగితేనే పిల్లాడికి మేలు జరుగుతుంది. కాబట్టి కోర్సు చూసేటప్పుడు ‘ఇందులో పిల్లల గురించి ఎంత ఉంది’ అన్నదొక్కటే చూడకండి. కోపంగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో, రిపోర్టు ఎలా రాయాలో నేర్పుతున్నారా అన్నది కూడా చూడండి.

చైల్డ్ అడ్వొకసీ స్టడీస్ ప్రత్యేక కోర్సుగా మొదలైంది 2000ల మొదట్లో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, వినోనా స్టేట్ యూనివర్సిటీలో. టీచర్లు, నర్సులు, పోలీసులు, సోషల్ వర్కర్లు అందరూ డిగ్రీలు పూర్తిచేసుకుని వస్తారు. కానీ ఒంటి మీద వాతలున్న పిల్లాడు ఎదురుగా నిలబడితే ఏం చేయాలో వాళ్ళకు ఎవరూ నేర్పి ఉండరు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన కోర్సు ఇది. ఇలాంటివాటిలో మంచివి క్లాసు పాఠాలతో ఆగవు. నమూనా ఇంట్లో తనిఖీ చేయిస్తాయి, నమూనా కోర్టులో బోను ఎక్కించి క్రాస్ ఎగ్జామినేషన్ చేయిస్తాయి. అలాంటిది దొరికితే వదలకండి. పేరు మాత్రం అదే పెట్టుకుని, లోపల బాలల హక్కుల చరిత్ర, నాలుగు అసైన్‌మెంట్లు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. అవి చదివితే నష్టం లేదు గానీ ఉద్యోగంలో మొదటి నెలకు కూడా సరిపోవు.

ఇక ఏ కోర్సులో ఉన్నా గట్టిగా పట్టుకోవాల్సిన విషయాలు.

పిల్లల ఎదుగుదల. ఏ వయసు పిల్లాడు ఏం చేయగలడో కంఠతా ఉండాలి. పాకడం, నిలబడటం కూడా రాని పసివాడి ఒంటి మీద కమిలిన గాయాలుంటే అది ప్రమాద సంకేతం, ఎందుకంటే తనంతట తాను వెళ్ళి దేనికీ తగులుకునే వయసు కాదది. అదే సమయంలో కొంతమంది పిల్లలకు, ముఖ్యంగా చామనఛాయ, నలుపు రంగు పిల్లలకు, నడుం కింద పుట్టుకతోనే నీలి మచ్చలు ఉంటాయి. చూడటానికి అచ్చం కమిలిన గాయంలాగే ఉంటాయి. ఆ తేడా తెలియక ఒక కుటుంబం నెత్తిన పిడుగు వేయగలం. పిల్లల గాయాల వెనక పెద్దల హింస ఉండొచ్చన్న విషయాన్ని డాక్టర్లే ఆలస్యంగా గుర్తించారు. అమెరికాలో పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, ఆయన సహచరులు దీనికి ‘బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్’ (దెబ్బలు తిన్న పిల్లల్లో కనిపించే లక్షణాలు) అని పేరుపెట్టి వ్యాసం రాసింది 1962లో. ఎముకలు విరిగిన పసిపిల్లలు అంతకుముందూ ఆసుపత్రులకు వచ్చేవారు. పెద్దలు చెప్పిన కారణానికీ, గాయం తీరుకూ పొంతన ఉందా అని చూడటం అలవాటు కాలేదు, అంతే. మీరు డాక్టరు కానక్కర్లేదు గానీ ఆ పొంతన గురించి అడగడం రావాలి.

ఎదుగుదల చదివేటప్పుడే రుమేనియాలో జరిగిన బుకారెస్ట్ అధ్యయనం చూడండి. 2000లో మొదలైంది. అనాథాశ్రమాల్లాంటి సంస్థల్లో పెరుగుతున్న 136 మంది చిన్నారుల్లో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు, అంటే పరాయి పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని పెంచేవాళ్ళ దగ్గరికి పంపి, మిగతావాళ్ళతో పోల్చి చూశారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు తెలివిలోనూ, మనుషులతో అల్లుకునే బంధంలోనూ మెరుగయ్యారు. చాలా విషయాల్లో, రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళకు ఎక్కువ మేలు జరిగింది. నా దగ్గరికి ‘ఒక అనాథాశ్రమం కట్టిద్దామనుకుంటున్నానండీ’ అని వచ్చే మంచి మనుషులకు నేను ముందు చెప్పేది ఇదే. వాళ్ళకు నచ్చదు. భవనం కంటికి కనిపిస్తుంది, ఒక మేనత్తకు నెలనెలా సాయం చేసి పిల్లాడిని ఆమె దగ్గరే ఉంచడం ఎవరికీ కనిపించదు.

ఇంకొకటి, ట్రామా, అంటే మనసుకు తగిలిన లోతైన దెబ్బ, దాని మీద ఏ పుస్తకం తెరిచినా 1998 నాటి ఏసీఈ అధ్యయనం ఎదురవుతుంది. చిన్నప్పుడు ఎన్ని రకాల కష్టాలు పడ్డారో లెక్కగట్టి స్కోరు ఇచ్చి, ఆ కష్టాలకూ, పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ సంబంధం చూపిన పని. వేలమందిని కలిపి చూసినప్పుడు తేలిన విషయం అది. ‘ఈ పిల్లాడి స్కోరు ఆరు, కాబట్టి వీడి భవిష్యత్తు ఇంతే’ అని ఒక్క పిల్లాడి నుదుటన రాయడానికి కాదు. కొత్తవాళ్ళ రిపోర్టుల్లో ఆ స్కోరును జాతకంలా వాడటం చూసి నేను చాలాసార్లు కొట్టేయించాను.

పిల్లలతో మాట్లాడటం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కేసు నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

1983లో కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ మీద లైంగిక దాడుల ఆరోపణలు వచ్చాయి. వందలమంది చిన్నపిల్లలను కూర్చోబెట్టి అడిగారు. బొమ్మలు చేతికి తొడుక్కుని, మిగతా పిల్లలంతా చెప్పేశారని నమ్మించి, చెప్పినవాళ్ళను మెచ్చుకుంటూ, చెప్పనివాళ్ళను తక్కువ చేస్తూ అడిగారు. కేసు ఏళ్ళ తరబడి నడిచి 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. ఆ ఇంటర్వ్యూల వల్ల ఏది పిల్లాడి మాటో, ఏది అడిగినవాళ్ళు నోట్లో పెట్టిన మాటో విడదీయలేని పరిస్థితి వచ్చింది.

ఆ తర్వాత ఈ విషయం మీద చాలా పరిశోధన జరిగింది. మనస్తత్వవేత్త మైకేల్ ల్యాంబ్, ఆయన సహచరులు తయారుచేసిన ఎన్ఐసీహెచ్‌డీ ప్రోటోకాల్, అంటే పిల్లల్ని ఏ వరసలో ఎలా అడగాలో చెప్పే పద్ధతి, వాటిలో బాగా పరీక్షకు నిలిచింది. దాని సారం చాలా సాదాగా ఉంటుంది. ముందు పిల్లాడికి నియమాలు చెప్పాలి: తెలియకపోతే తెలియదని చెప్పు, నేను తప్పుగా అంటే సరిదిద్దు. తర్వాత ఏదో మామూలు విషయం, ఆడుకున్న ఆట లాంటిది, మొదటి నుంచి చివరి దాకా చెప్పించాలి. అలా చెప్పడం అలవాటయ్యాక అసలు సంగతి. ‘ఏం జరిగిందో చెప్పు.’ ‘ఆ తర్వాత ఏమైంది?’ ‘ఇందాక గది అన్నావు కదా, దాని గురించి ఇంకా చెప్పు.’ ‘వాడు నిన్ను ముట్టుకున్నాడా?’ అని మనం మొదలుపెట్టకూడదు. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలో మన అనుమానం దాగి ఉంటుంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక టీచర్‌తో ఏడేళ్ళ బాబు ‘నాకు రాత్రి ఆట ఇష్టం లేదు’ అన్నాడట. ఆ మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది. ఆమె మాత్రం మొహం మామూలుగా పెట్టుకుని ‘ఆ ఆట గురించి చెప్పు’ అని ఊరుకుంది. అన్నయ్యలు వాడిని చీకటి అల్మరాలో పెట్టి తలుపేస్తున్నారని బయటపడింది. అది ఆపాల్సిన విషయమే, ఆపించాం కూడా. కానీ అక్కడ ఆమె తన భయాన్ని ప్రశ్నగా మార్చి ఉంటే ఆ ఇంట్లో మరో కథ నడిచేది.

మీరు చేరగానే ఫోరెన్సిక్ ఇంటర్వ్యూ, అంటే కేసుకు సాక్ష్యంగా నిలిచేలా పిల్లాడిని అడగడం, మీ చేత చేయించరు, చేయించకూడదు. దానికి విడిగా శిక్షణ ఉంటుంది. 1985లో అలబామాలోని హంట్స్‌విల్‌లో మొదటి చిల్డ్రన్స్ అడ్వొకసీ సెంటర్ పెట్టిందీ, 1998లో ఐస్‌లాండ్‌లో అలాంటిదే బార్నాహూస్ అనే కేంద్రం మొదలైందీ ఇందుకే. పిల్లాడు ఒకే కథను పోలీసుకొకసారి, డాక్టరుకొకసారి, లాయరుకొకసారి చెప్పి నలిగిపోకుండా, అందరూ ఒకే కప్పు కింద పిల్లాడి దగ్గరికి రావాలన్న ఆలోచన అది. కొత్తగా చేరిన మీ పని వినడం, తక్షణ ప్రమాదం ఉందో లేదో తెలుసుకోవడం, పిల్లాడి మాటల్ని వాడన్నట్టే రాయడం, పైకి తెలియజేయడం. ఎవరికీ చెప్పనని మాత్రం ఎప్పుడూ మాట ఇవ్వకండి. ‘నువ్వు నాతో చెప్పడం మంచి పని. నిన్ను జాగ్రత్తగా చూసుకోవాలంటే ఒకరిద్దరికి చెప్పక తప్పదు. ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతాను’ అనండి. పిల్లలు దీన్ని అర్థం చేసుకుంటారు. మాట తప్పడాన్ని క్షమించరు.

దీనికి ఇప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టొచ్చు. ఒక స్నేహితురాలిని పది నిమిషాలు నిన్నటి రోజు గురించి అడగండి, అవును కాదు ప్రశ్న ఒక్కటి కూడా వాడకుండా. చాలామంది రెండో నిమిషానికే ఓడిపోతారు.

రాయడం. ఇది ఎవరికీ ఆసక్తి కలిగించని విషయం, నాకు మాత్రం ఉద్యోగానికి తీసుకునేటప్పుడు మొదటి పరీక్ష. ‘ఇల్లు అధ్వానంగా ఉంది. తల్లికి పిల్ల మీద శ్రద్ధ లేదు’ అని రాస్తే కోర్టులో మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. ఇలా రాయాలి: ‘వంటగది నేల మీద పగిలిన గ్లాసు ముక్కలు ఉన్నాయి. ఏడాది వయసున్న పాప వాటికి రెండడుగుల దూరంలో పాకుతోంది. నేను చూపించగానే తల్లి పాపను ఎత్తుకుంది, గాజు ఊడ్చింది. గ్లాసు నిన్న రాత్రి పగిలిందని చెప్పింది.’ ఇక్కడ నా అభిప్రాయం లేదు, చదివినవాళ్ళకు పరిస్థితి మొత్తం తెలుస్తుంది. తల్లికి అనుకూలమైన విషయం కూడా ఉంది, గమనించారా? అది దాచిన రిపోర్టును నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపిస్తాను. చూసింది, విన్నది, ఊహించింది, ఈ మూడూ వేర్వేరు వాక్యాల్లో ఉండాలి. బస్టాండులోనో పార్కులోనో కాసేపు కూర్చుని కనిపించింది ఇలా రాయడం అలవాటు చేసుకోండి.

రాసింది చేరాల్సినవాళ్ళకు చేరకపోతే ఏమవుతుందో తెలియాలంటే బ్రిటన్‌లో విక్టోరియా క్లింబియే కేసు విచారణ నివేదిక చదవండి. ఎనిమిదేళ్ళ పాప, బంధువు ఇంట్లో హింసకు గురై 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయింది. ఆమె సోషల్ సర్వీసులకు తెలుసు, పోలీసులకు తెలుసు, రెండు ఆసుపత్రులకు తెలుసు. కాపాడే అవకాశం 12 సార్లు వచ్చి పోయిందని 2003లో ఆ విచారణ జరిపిన లార్డ్ లామింగ్ నివేదిక తేల్చింది. ఒకరి నోట్సు ఇంకొకరు చూడకపోవడం, ఒకరు అడిగారులే అని ఇంకొకరు అనుకోవడం, పాపతో కూర్చుని ఎవరూ సరిగ్గా మాట్లాడకపోవడం. రాక్షసుల్లాంటి ఉద్యోగులేమీ కనిపించరు అందులో. మనలాంటివాళ్ళే.

పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ కలపకుండా చూడటం. అమెరికా లాంటి దేశాల లెక్కల్లో బయటపడే కేసుల్లో ఎక్కువ భాగం కొట్టడమో, లైంగిక హింసో కాదు, నిర్లక్ష్యం. అందులో తీర్పు చెప్పడం చాలా కష్టం. ఎనిమిదేళ్ళ అమ్మాయికి రెండేళ్ళ తమ్ముడిని అప్పగించి తల్లి రాత్రి డ్యూటీకి వెళ్ళిపోతోందని మాకు ఒక ఫిర్యాదు వచ్చింది. ‘పిల్లల్ని వదిలేసింది’ అని రాశారు. ఆ తల్లికి కావాల్సింది రాత్రిపూట పిల్లల దగ్గర ఒక పెద్దమనిషి ఉండటం. బంధువొకరితో మాట్లాడి, ఆమె పనిచేసే చోట షిఫ్ట్ మార్పించి, కొన్నాళ్ళు చూసి కేసు మూసేశాం. ఇంకో ఇల్లు అద్దంలా ఉండేది. తల్లిదండ్రులు చదువుకున్నవాళ్ళు, ఎంతో మర్యాద. పిల్లాడు నెలనెలా బరువు తగ్గుతున్నాడు. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు ‘సమస్య ఏమీ లేదు’ అని రాసి వచ్చారు. శుభ్రంగా ఉన్న ఇల్లు మనల్ని ఎంత తేలిగ్గా మోసం చేస్తుందో ఫీల్డ్‌వర్క్‌లోనే తెలుస్తుంది.

చట్టం గురించి రెండు ముక్కలు. మీ దేశపు చట్టాల కంటే ముందు 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను పూర్తిగా చదవండి, పెద్దదేం కాదు. మూడో అధికరణం పిల్లల మేలుకు ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. పన్నెండోది పిల్లాడి అభిప్రాయం వినాలంటుంది. ఈ రెండూ రోజూ ఢీకొంటాయి. కొట్టే తండ్రి దగ్గరికే వెళ్తానని పదకొండేళ్ళ అబ్బాయి పట్టుబడితే మీరేం చేస్తారు? కొన్ని వ్యవస్థల్లో పిల్లాడి లాయరు అతను కోరిందే వాదించాలి. కోర్టు గార్డియన్‌గా నియమించినవాళ్ళు అతని మేలేదో తమకు తోచింది చెప్పాలి. మీరు చేరబోయే ఉద్యోగంలో మీది ఏ పాత్రో మొదటి రోజే తెలుసుకోండి. రెండూ కలిపేసుకున్నవాళ్ళు పిల్లాడి కోరికనే కోర్టుకు చెప్పకుండా వదిలేస్తుంటారు. నా ఉద్దేశంలో, మీరు ఒప్పుకోకపోయినా సరే, పిల్లాడు ఏం కోరుకుంటున్నాడో రిపోర్టులో వాడి మాటల్లోనే ఉండి తీరాలి.

ఇప్పుడు కళ్ళనీళ్ళ సంగతి. ఏడుపు వచ్చేవాళ్ళ గురించి నాకు పెద్దగా బెంగ లేదు. పిల్లాడి ముందు ఆపుకోగలిగితే చాలు, అది అభ్యాసంతో వస్తుంది. ఏమీ అనిపించడం లేదు అనేవాళ్ళ గురించే కంగారు పడతాను. రోజూ ఇలాంటి కథలు వింటుంటే వినేవాళ్ళకూ దెబ్బ తగులుతుంది. నిద్ర పట్టకపోవడం, ప్రతి మగాడి మీదా అనుమానం, సొంత పిల్లల్ని గడప దాటనివ్వకపోవడం, కేసుల మీద మోటు జోకులు, ఇవన్నీ దాని లక్షణాలే. యోగా చేయండి, సెలవు పెట్టండి అని చెబుతారు, మంచిదే. కానీ నా అనుభవంలో మనుషుల్ని నిలబెట్టింది మంచి సూపర్‌విజన్ (అనుభవమున్న పైవాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడి దారి చూపడం), మోయగలిగినన్ని కేసులు. ఈ రెండూ లేని చోట ఎంత గట్టి మనిషైనా ఎక్కువ కాలం ఉండరు. ఇంకో సున్నితమైన విషయం. మీ బాల్యంలోనే ఇలాంటిది జరిగి ఉంటే ఈ రంగానికి పనికిరారని కాదు, మా దగ్గర బాగా పనిచేసేవాళ్ళలో అలాంటివాళ్ళు ఉన్నారు. కౌన్సెలర్ దగ్గర ఆ పని కొంత ముందే చేసుకుని రండి. వేరే పిల్లాడి కేసులో మీ కేసును గెలవాలని చూడకుండా ఉండటానికి.

చదువుకుంటూ వాలంటీర్‌గా చేయాలనుంటే పిల్లల హోమ్‌లో రెండు మూడు వారాల పని ఒప్పుకోకండి. అప్పటికే ఎంతోమంది వదిలి వెళ్ళిన పిల్లలకు, దగ్గరై వెళ్ళిపోయే ఇంకో మనిషి అవుతారు మీరు. ఒకే పిల్లాడికి ఏడాది పాటు వారం తప్పకుండా చదువు చెప్పడమో, హెల్ప్‌లైన్‌లో శిక్షణ తీసుకుని ఫోన్లు ఎత్తడమో మేలు. కోర్టు గ్యాలరీలో కూర్చుని చూడనిస్తే కొన్ని కేసులు చూడండి, పిల్లల కేసులు చాలాచోట్ల మూసిన గదుల్లో జరుగుతాయి కాబట్టి కుటుంబ కేసులైనా సరే. సాక్షి ఎక్కడ తడబడతాడో తెలుస్తుంది.

ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మీరూ వాళ్ళను అడగండి: ఒక్కొక్కరి చేతిలో ఎన్ని కేసులు ఉంటాయి? మొదటి హోమ్ విజిట్లకు నాతో ఎవరు వస్తారు? సూపర్‌వైజర్‌తో విడిగా కూర్చునే సమయం వారానికి ఎంత? పోయిన ఏడాది ఎంతమంది మానేశారు? చివరి ప్రశ్నకు మొహమాటంగా నవ్వి మాట మార్చారంటే ఇంకో చోట చూసుకోండి.

పీజీ అప్లికేషన్‌లో రాసే వ్యాసం గురించి కూడా అడిగారు కదా. ‘పిల్లలంటే నాకు ప్రాణం’ అని మొదలుపెట్టకండి, ఎంపిక చేసేవాళ్ళు ఆ వాక్యం చదివి చదివి అలిసిపోయి ఉంటారు. మీరు చూసిన ఒక పరిస్థితి, అందులో పెద్దవాళ్ళు ఏం చేశారు, ఏం చేయలేదు, మీకు ఇంకా అర్థంకానిది ఏమిటి, ఇది రాయండి. రెండు పేజీలు చాలు. పిల్లాడి పేరు, ఊరు, స్కూలు మాత్రం మార్చేయండి. అది చూసే కొందరు మిమ్మల్ని తీసుకోవాలో వద్దో తేల్చుకుంటారు.